ఆకాశరామన్న వేళ్లు

రేవుపాలెం కలెక్టరేటు గేటుకు ఎదురుగా పదకొండు టైపింగ్ షాపులున్నాయి. పది షాపుల్లో టైపిస్టు కుర్చీ రోడ్డువైపు ఉంటుంది. మట్టపర్తి వీరవేణి షాపులో గోడవైపు ఉంటుంది.

పేరు బయటపడకూడని అర్జీలు రాయించుకునేవాళ్లు ఆమె దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్లు వెనక నిలబడి చెబుతారు. ఆమె గోడను చూస్తూ కొడుతుంది. చివర ‘ఇట్లు, ఆకాశరామన్న’ అని కొట్టి, పంపించి, మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చుంటుంది. తర్వాత కుర్చీ తిప్పుతుంది. ఎవరొచ్చారని అడిగితే తెలియదంటుంది. అందులో అబద్ధం లేదు.

కలెక్టరేటులో కాగితం అర్జీలు తీసుకోవడం మానేసి ఆరేళ్లయింది. ఏ ఫిర్యాదైనా పోర్టల్‌లో టైపు చేసి ఇవ్వాలి. పోర్టల్‌లో తెలుగు టైపింగుకు పెట్టిన సాఫ్ట్‌వేర్ పేరు మునివేలు. పాత టైపుమిషను అలవాటైనవాళ్లకు పాత కీబోర్డు, ఫోన్లో నేర్చుకున్నవాళ్లకు కొత్త కీబోర్డు, టైపు రానివాళ్లకు మైకు అందులో ఉన్నాయి. ఉచితం కావడంతో ఫోన్లలోనూ అదే చేరింది. దాన్ని తయారుచేసింది వీరవేణి తమ్ముడు భానుమూర్తి.

ఒక సోమవారం పొద్దున పక్క జెరాక్సు షాపు సూరిబాబు టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏవండీ వేణిగారూ, మీ తమ్ముడుగారి సాఫ్ట్‌వేరు చెయ్యి చూసి మనిషిని చెప్పేత్తందంటగదా?"

"ఎవరన్నారు?"

"మా బావమరిదండి. ఆడు ఫోన్లోంచి తీసేశాడు. దాంట్లో పద్దెనిమిది పేజీల ఒప్పందం ఉందంట. ‘అంగీకరిస్తున్నాను’ అని మనవే నొక్కావంట."

"నొక్కావా మరి?"

"నొక్కేశానండి. పద్దెనిమిది పేజీలు ఎవడు సదువుతాడండీ?"

"రోజుకు వెయ్యి పేజీలు తీస్తావు. పద్దెనిమిది చదవలేవా?"

"తీసేవోడికి సదివే పనేంటండీ. ఇంతకీ మీరు సదివారా?"

వీరవేణి చదవలేదు. "వత్తులు సరిగ్గా పెడుతుంది. నాకది చాలు," అంది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. పద్దెనిమిదో ఏట టైపు నేర్చుకుంది. మిగతా టైపిస్టులు వాక్యం మొత్తం విని, తర్వాత కొడతారు. ఇన్‌స్టిట్యూట్ మాస్టారు ఆమెకు వేరేగా నేర్పాడు. చెప్పేవాడి మాటతోపాటు వేలు నడవాలి, మాట ఆగితే వేలు ఆగాలి. గోడవైపు తిరిగిన మనిషితో చెప్పుకునేవాళ్లకు ఆ పద్ధతి పనికొచ్చింది. కీల చప్పుడు వినబడితే ఆమె వింటున్నట్టు. ఆగితే తమకోసం చూస్తున్నట్టు. మొహం కనబడకపోయినా ఆ చప్పుడును నమ్మి చెప్పేవాళ్లు.

ఆ రోజు పదిన్నరకు ఎవరో వచ్చి వెనక నిలబడ్డారు. రొయ్యల వాసనను బట్టి షెడ్డు మనిషని వీరవేణికి తెలిసింది.

"పేరెట్టకూడదండి."

"పెట్టను. చెప్పమ్మా."

"యాడ మొదలెట్టాలండి?"

"చనిపోయిందెవరో అక్కణ్నుంచి మొదలుపెట్టు."

"సచ్చిపోయారని నేను సెప్పలేదుగదండి?"

"ఎవరన్నా పోతేనే ఇలా వణుకుతూ వస్తారు."

ఆ మనిషి చెప్పడం మొదలుపెట్టింది. నీలిరేవు సీ ఫుడ్స్‌లో చల్లగది పైపు పగిలి అమోనియా బయటికొచ్చింది. లోపల నలుగురు ఆడవాళ్లున్నారు. ముగ్గురు బయటపడ్డారు. చిన్నమ్మలు అనే ఆమె బయటపడలేదు. జ్వరం వచ్చి ఇంటికెళ్లి చనిపోయిందని కంపెనీ రాసింది.

"గ్యాసు బయటికొత్తే సరుకు పాడైపోద్దని..." అని ఆగింది.

వీరవేణి వేళ్లు కీల మీద ఆగాయి.

"తలుపు బయటనుంచి గడియెట్టారండి."

వేళ్లు కదిలాయి. అర్జీ పది నలభై ఎనిమిదికి పోర్టల్‌కు వెళ్లింది.

"మీరు తిరక్కండేం."

"తిరగను. వెళ్లిరా."

ఆ మనిషి పేరు చోడిపల్లి నూకరత్నం. ఆ సంగతి వీరవేణికి అప్పటికి తెలియదు.

అర్జీమీద తనిఖీ జరిగింది. చల్లగది తలుపుకు బయట గడియ ఉన్నట్టు తనిఖీదారు రాశాడు. షెడ్డు మూడు వారాలు మూతపడింది. నాలుగో వారం కంపెనీ కోర్టుకెళ్లింది. ఆకాశరామన్న పేరుతో ఎవరో కంపెనీని బెదిరిస్తున్నారని, ఆ అర్జీ కొట్టిన చెయ్యి ఎవరిదో మునివేలు వాళ్లు చెప్పాలని కోరింది. కోర్టు ఒప్పుకుంది.

మునివేలు ప్రయోగశాల విశాఖలో ఉంది. కోర్టు ఉత్తర్వు అక్కడికి వచ్చిన రోజు భానుమూర్తి తన గదిలో ఉన్నాడు. ప్రయోగశాల అధిపతి డాక్టర్ కల్పలత కాగితం పట్టుకుని వచ్చింది.

"ఇది మనం చేయగలమా భానూ?"

"చేయకూడదు మేడం."

"అది అడగలేదు నేను."

చేయగలరు. ఒక కీకి, తర్వాతి కీకి మధ్య పట్టే కాలాన్ని మునివేలు లెక్కపెడుతుంది. వత్తు ముందు వేలు తడబడితే సరైన వత్తు చూపించేది ఆ లెక్కతోనే. అందుకోసం ఆ కాలాలన్నీ దాచాలి. రాసిన విషయం దాచరు, రాసిన తీరు దాస్తారు. ఒప్పందం పదకొండో పేజీలో ఆ మాట ఉంది. రెండేళ్లు గడిచాక, ఏ ఇద్దరి తీరూ ఒకటి కాదని భానుమూర్తికి తెలిసింది. అప్పట్లో అతను దానిమీద ఒక వ్యాసం రాశాడు. దానికి బహుమతి కూడా వచ్చింది.

కల్పలత అర్జీ నంబరు ఇచ్చింది. అతను ఎక్కించాడు. నలభై సెకన్లకు జవాబు వచ్చింది. ఆ చేత్తో ఆరేళ్లలో వెయ్యినూట పద్నాలుగు ఆకాశరామన్న అర్జీలు వెళ్లాయి. రేషను షాపులు, హాస్టళ్లు, రైసు మిల్లులు, రొయ్యల షెడ్లు, ఒక బడి.

"వెయ్యినూట పద్నాలుగా? ఒకే మనిషా? ఇది మామూలు మనిషి పని కాదు," అంది కల్పలత. "చెయ్యి నంబరెంత?"

భానుమూర్తి తెర చూస్తున్నాడు.

"నంబరెంత భానూ?"

"ఒకటి."

"ఒకటంటే?"

"మనం మొదట రికార్డు చేసిన చెయ్యి మేడం. దాన్ని చూసే మునివేలు తయారుచేశాం. మా అక్కది."

కల్పలత కుర్చీ లాక్కుని కూర్చుంది. కోర్టు ఉత్తర్వు మరోసారి చదివింది.

"నేను పంపాలి," అంది. "పంపకపోతే ఇద్దరం లోపలికెళ్తాం. నువ్వు ఇంటికెళ్లు. సంతకం నేను పెడతాను."

వీరవేణిని బుధవారం మధ్యాహ్నం అరెస్టు చేశారు. కంప్యూటరు తీసుకెళ్లారు. షాపుకు సీలు వేశారు. కంపెనీ లాయరు వాదన తేలిగ్గా ఉంది. వెయ్యినూట పద్నాలుగు సంస్థల మీద, మనుషుల మీద ఒకే చెయ్యి ఫిర్యాదులు రాసిందంటే అది బెదిరింపుల వ్యాపారం. ఆమె చెప్పింది అంతకన్నా తేలిగ్గా ఉంది. తాను రాయలేదు, కొట్టింది. ఎవరు చెప్పారని జడ్జి అడిగితే తెలియదంది. గోడవైపు కూర్చుంటానని చెబితే కోర్టు హాల్లో ఒకరిద్దరు నవ్వారు. పద్నాలుగు రోజులు రిమాండుకు పంపారు.

భానుమూర్తి సెలవు పెట్టాడు కాని ప్రయోగశాలలోనే ఉన్నాడు. అక్క టైపు చేసినవన్నీ తీసి రెండు కుప్పలు పెట్టాడు. కాగితం చూసి కొట్టినవి ఒకవైపు, ఎవరో చెబుతుంటే కొట్టినవి ఒకవైపు. చూసి కొట్టినవాటిలో ఆమె వేళ్లు గడియారం ముల్లులా సమంగా నడిచాయి. విని కొట్టినవి అలా లేవు. ఒకదానిలో ప్రతి మూడో మాటకు ఆగుడు. ఇంకొకదానిలో పరుగు, చివర పెద్ద ఆగుడు.

విని కొట్టినవాటిలోంచి అక్క నడకను తీసేశాడు. మిగిలింది ఆగుళ్లు. అవి ఆమెవి కావు.

పన్నెండేళ్ల కిందట అక్క చేతిని రికార్డు చేసేటప్పుడు ఆమెకు వెనక నిలబడి పత్రికలు చదివి చెప్పింది తనే. ఆ పాత ఫైలు తెరిచాడు. అక్కను తీసేశాడు. మిగిలిన ఆగుళ్లను మునివేలు మైకులో మాట్లాడే జనం ఆగుళ్లతో పోల్చి చూడమని యంత్రానికి చెప్పాడు. అరవై సెకన్లు పట్టింది. తెరమీద అతని ఫోను నంబరు వచ్చింది. తొంభై ఏడు శాతం.

వెయ్యినూట పద్నాలుగు అర్జీలనూ అందులో వేశాడు. ఎనిమిది వందల ముగ్గురు మనుషులు వచ్చారు. వాళ్లలో ఆరు వందల పదకొండు మంది ఫోన్లలో మునివేలు ఉంది. జాబితా చదవకుండా మూసేశాడు.

శనివారం సబ్‌జైలులో ములాఖత్. జాలీకి అటువైపు వీరవేణి, ఇటువైపు భానుమూర్తి.

"ఎలా ఉన్నావక్కా?"

"బాగానే ఉన్నాను. ఇక్కడ రిజిస్టరు ఇంకా చేత్తో రాస్తున్నార్రా. దస్తూరి ఘోరం. నువ్వు తిన్నావా?"

"తిన్నాను. అక్కా, నువ్వు చెప్పింది నిజమని చూపించే దారి దొరికింది."

చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"అంటే నా వెనక నిలబడ్డవాళ్లు దొరుకుతారా?"

"నేనెవరినీ చూపించను. ఒకరు కాదు, చాలామంది అని చూపిస్తాను. అంతవరకే."

"ఒరేయ్ భానూ, ముప్పయ్యేళ్లు గోడ చూస్తూ కూర్చున్నాను. నువ్వు నా వీపుకి కళ్లు పెట్టావా?"

"ఏడేళ్ల శిక్ష పడుతుందంటున్నాడక్కా లాయరు."

"పడనీ."

"పడనీ ఏంటి? అమ్మ పోయినప్పుడు నాకు అయిదేళ్లు. నువ్వు రోజుకు పన్నెండు గంటలు కొట్టి నన్ను చదివించావు. ఆ చేతుల్ని జైల్లో పెట్టి నేనెలా ఉంటాననుకున్నావ్?"

ఆమె జాలీలోంచి రెండు వేళ్లు ఇవతలికి పెట్టింది. "ఒట్టెయ్యి. ఒక్కరి పేరు కూడా బయటికి రాదని."

భానుమూర్తి ఆ వేళ్లు పట్టుకుని ఒట్టేశాడు.

భానుమూర్తి తన పద్ధతి వివరించి అఫిడవిట్ వేశాక, కోర్టులో పరీక్ష శుక్రవారం పదకొండింటికి పెట్టారు. బల్లమీద కీబోర్డు, దాని ముందు గోడవైపు తిప్పిన కుర్చీ. వీరవేణి కూర్చుంది. జడ్జి చెప్పినట్టు ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆమె వెనక నిలబడి పాత తీర్పులోంచి ఒక్కో పేరా చదివారు. మూడో పేరా కాగితం మీద ఇచ్చి చూసి కొట్టమన్నారు. ఎవరు ఏ వరుసలో చదివారో భానుమూర్తికి తెలియకుండా బయట వరండాలో కూర్చోబెట్టారు.

లోపలికి పిలిచాక అతను యంత్రం నడిపాడు. మూడోది చూసి కొట్టింది, మొదటి రెండూ విని కొట్టినవి, ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు అని చెప్పాడు.

కంపెనీ లాయరు లేచాడు. "మూడింటిని మూడు రకాలుగా కొట్టడం అనుభవమున్న టైపిస్టుకు కష్టం కాదు సార్. వేర్వేరు మనుషులన్నది ఈయన మాట. వాళ్లు నిజంగా ఉన్న మనుషులని రుజువేది? ఈయన ముద్దాయి సొంత తమ్ముడు కూడాను."

జడ్జి భానుమూర్తి వైపు చూశాడు. "ఆ ఇద్దరూ ఎవరో మీ యంత్రం చెప్పగలదా?"

వీరవేణి కుర్చీ తిప్పింది. తమ్ముడి మొహం చూసింది. తల అడ్డంగా ఊపింది.

భానుమూర్తి ఆమె చేతులు చూశాడు. పది రోజుల్లో చేతికి గాజులు వదులయ్యాయి.

"చెప్పగలదు సార్," అన్నాడు.

అరవై సెకన్లు. మొదటి మనిషి బెంచి క్లర్కు. రెండో మనిషి అటెండరు. ఇద్దరి ఫోను నంబర్లు గోడమీది తెరపై వచ్చాయి. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు చొక్కా జేబులోంచి ఫోను తీసి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకున్నాడు.

వీరవేణిని ఆ సాయంత్రం వదిలేశారు. ఇద్దరూ ఆటోలో ఇంటికి వచ్చారు. మెట్లెక్కుతూ అడిగింది.

"ఆ అటెండరు మొహం చూశావా?"

"అక్కా, వాళ్లిద్దరి పేర్లే. అర్జీదారులవి ఒక్కటి కూడా రాలేదు."

"రాలేదు. వస్తాయి."

"ఫైలు నా దగ్గరుంది. తుడిచేస్తాను."

ఆ రాత్రే విశాఖ బస్సెక్కి, మర్నాడు పొద్దున ఫైలు తుడిచాడు. సోమవారం కల్పలత పిలిచింది. పద్ధతి మొత్తం అతని అఫిడవిట్లో ఉంది. అఫిడవిట్ కోర్టు రికార్డులో ఉంది. అర్జీల ఆగుళ్లు సర్వర్లో ఉన్నాయి.

"నువ్వు తుడిచింది జాబితా," అంది ఆమె. "ఆ జాబితా మళ్లీ తయారవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నువ్వే రాశావు కదా, అఫిడవిట్ పేజీ తొమ్మిది."

"ఎవరడిగారు మేడం?"

"తొమ్మిది కంపెనీలు. తప్పుడు ఫిర్యాదులు ఏరుకోవడానికి."

"పేర్లు ఇస్తామా?"

"పేర్లు ఇవ్వం. సంభావ్యత ఇస్తాం. శాతం, ఫోను నంబరు."

"నంబరిస్తే పేరిచ్చినట్టు కాదా?"

"మన లాయర్లు కాదన్నారు." కల్పలత కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "నువ్వు మానేస్తానంటే ఆపను. కాని నువ్వు లేకపోయినా అది నడుస్తుంది. ఉంటే ఎటు పోతుందో కనీసం చూస్తూ ఉండొచ్చు."

అతను మానలేదు. చూస్తూ ఉన్నాడు.

జులై రెండో వారంలో, పనివాళ్లను ఎక్కించుకెళ్లే నీలిరేవు షెడ్డు కాంట్రాక్టరు వ్యాను పల్లిపేట రెండో వీధిలో ఆగలేదు. నూకరత్నం టిఫిను డబ్బాతో మర్నాడూ నిలబడింది. ఆగలేదు. మూడో రోజు మిగతా కంపెనీల వ్యాన్లు కూడా ఆగలేదు. ఆమె వల్ల ఆగలేదని తెలిసి, ఆ వీధి ఆడవాళ్లు ఆమెను మూల మలుపు అవతల నిలబడమన్నారు.

అదే వారం హాస్టల్ భోజనం మీద రాసిన వంటమనిషిని పనిలోంచి తీసేశారు. రేషను డీలరు మీద రాసిన రిటైర్డు టీచరు ఇంటి ముందు నలుగురు వచ్చి మోటారు సైకిళ్లు ఆపుకుని కూర్చున్నారు. ఏమీ అనలేదు, సాయంత్రం వరకు కూర్చుని వెళ్లారు. మర్నాడు మళ్లీ వచ్చారు. బడి మీద రాసిన ఒక తల్లి కూతురికి టీసీ ఇచ్చి పంపేశారు. తన మిల్లు మీద రాసిన ఒక గుమాస్తా కనబడలేదు. అతని చెప్పులు కాలువ గట్టున దొరికాయి.

వీరవేణి షాపు సీలు తీశాక మొదటి సోమవారం ఎవరూ రాలేదు. సూరిబాబు వచ్చాడు. టీ తేలేదు.

"ఆరేళ్ల కిందట నేనూ ఒకటి కొట్టించానండి మీ దగ్గర," అన్నాడు. "పక్క షాపోడినే, మీరు గుర్తట్టలేదు. మా అన్న మీద. పొలం సరిహద్దు రాయి జరిపాడని."

"నాకు తెలియదు సూరిబాబూ."

"మీకు తెల్దు. మా అన్నకి తెలిసిందండి." గుమ్మం మెట్టు చూస్తూ నిలబడ్డాడు. "మిమ్మల్నేం అన్ను. మీరు గోడ కేసే సూశారు. గోడకి సెవులెట్టింది మీ తమ్ముడు."

అతను వెళ్లాక వీరవేణి భానుమూర్తికి ఫోను చేసింది. అర్జీ మొత్తం విని, గుర్తుపెట్టుకుని, మనిషి వెళ్లాక కొడితే ఆగుళ్లు పడవు కదా అని అడిగింది.

"పడవక్కా. అలా చెయ్యి."

ఆమె ప్రయత్నించింది. సూరిబాబు భార్యను నిలబెట్టి పేపరు చదివించుకుంది. మొత్తం విన్నది. తర్వాత కొట్టింది. చదివిన మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే ఆమె వేళ్లు ఆగాయి. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ ఆగాయి. ముప్పయ్యారేళ్లుగా అవి నేర్చుకున్నది అదొక్కటే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రొయ్యల వాసన లేని ఒక మనిషి షాపులోకి వచ్చింది. వెనక నిలబడలేదు. బల్ల చుట్టూ తిరిగి, బల్లకు గోడకు మధ్య ఇరుకులో దూరి ఎదురుగా నిలబడింది.

"నేనేనండి. తలుపు గడియ."

గొంతు వినగానే వీరవేణి లేచి నిలబడింది. ఆ మొహాన్ని మొదటిసారి చూసింది. నలభై ఏళ్లుంటాయి. అమోనియా తగిలిన ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది.

"నీ పేరేంటమ్మా?"

"ఇప్పుడడుగుతున్నారా?" నూకరత్నం నవ్వింది. "చోడిపల్లి నూకరత్నం. పేరెట్టే రాయండి. ఇంక దాసేదేముందండి. పని తీసేశారని రాయాల."

"రాయను," అంది వీరవేణి. "నువ్వే కొట్టుకో."

"నాకు టైపు రాదండి. ఏలిముద్రేత్తానంతే."

"అక్షరాలొచ్చా?"

"కూడబలుక్కుంటానండి. ఐదు దాకా సదివాను."

"చాలు. నీ మాట ఇంకొకరి చేతుల్లోంచి పోకూడదు. నేర్పుతాను. ముందు నాదొకటి కొట్టు. అలవాటవుతుంది."

బల్లా కుర్చీ రోడ్డువైపు తిప్పి నూకరత్నాన్ని కూర్చోబెట్టింది. పోర్టల్ తెరిచింది. మునివేలు ఒప్పందం వచ్చింది, కింద ‘అంగీకరిస్తున్నాను’ అన్న బొత్తాం. వీరవేణి ఆ పద్దెనిమిది పేజీలూ పైకి చదివింది. గంట పట్టింది. పదకొండో పేజీ రెండుసార్లు చదివింది.

"ఒప్పుకోపోతే ఏటవుద్దండి?"

"అర్జీ పోదు."

"చేత్తో రాసిత్తే?"

"తీసుకోరు."

"మరి సదివెందుకండి ఇంతసేపు?"

"తెలిసి నొక్కాలి కదమ్మా. నేను తెలియక నొక్కాను."

నూకరత్నం బొత్తాం నొక్కింది. వీరవేణి వెళ్లి ఆమె వెనక నిలబడింది. గోడకేసి తిరిగింది. చెప్పడం మొదలుపెట్టింది.

ఆ అర్జీ సాయంత్రం నాలుగూ పదికి విశాఖలో భానుమూర్తి తెరమీదికి వచ్చింది. మునివేలు మీద వచ్చే ఫిర్యాదులు అతని దగ్గరికే వస్తాయి.

‘నా పేరు మట్టపర్తి వీరవేణి. నేను టైపిస్టును. నన్ను నమ్మి నా వెనక నిలబడిన ఎనిమిది వందల ముగ్గురి గొంతులు నా వేళ్లలోంచి తీశారు. ఒకతను చనిపోయాడు. మిగతావాళ్లు బతకలేక ఉన్నారు. తీసినవాడు నా తమ్ముడు మట్టపర్తి భానుమూర్తి. ఒట్టు వేసి తీశాడు. అతని మీద చర్య తీసుకోవాలి. మునివేలు ఆపాలి. ఇట్లు, మట్టపర్తి వీరవేణి.’

అక్షర దోషాలు పదిహేడు ఉన్నాయి. కొట్టడానికి యాభై నిమిషాలు పట్టింది. అక్క చేతి పని కాదని చూడగానే తెలిసింది. కింద యంత్రం తన వివరాలు రాసింది. చెప్పిన మనిషి వీరవేణి, తొంభై ఎనిమిది శాతం.

‘తీసినవాడు’ అన్న మాట తర్వాత పదకొండు సెకన్ల ఖాళీ ఉంది. కొత్త టైపిస్టు అక్షరం వెతుక్కుని ఉంటుందని భానుమూర్తి అనుకున్నాడు. యంత్రం ఆ ఖాళీని రెండుగా విడదీసి చూపించింది. రెండు సెకన్లు చేతివి. తొమ్మిది సెకన్లు అక్కవి.

అతను చివరి వరుస చూశాడు. అది ప్రతి అర్జీ కింద దానంతట అదే పడేది. అతను రాసిన ప్రోగ్రామే.

కొత్త చెయ్యి. నంబరు 41,20,316. నమోదైంది.